రాని వెలుగు

చిత్తూరు దాటాక పలమనేరు రోడ్డులో, బంకు పక్కన,
మా వ్యాను ఒక రేకు తలుపెత్తి నిలబడి ఉంటుంది.
జూన్ నెల. తోతాపురి లారీలన్నీ
గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరసకట్టే కాలం.
ఎండకు మగ్గిన కాయల వాసన, దానిమీద డీజిలు వాసన.
ఏది దేన్ని కప్పుతోందో
పదకొండేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

చెంగల్రాయులు దిగాడు,
మడిచిన నోట్లు ముందే వేళ్లసందున పెట్టుకొని.
"ఫోటో తీసి పేపరిచ్చేయ్ పాపా, లోడు దించాల."
గొట్టం పెట్టాల్సిందేనన్నా, అన్నాను.
"పొగను యెట్ల కొలస్తారు? తక్కెట్లో యేసి తూస్తారా?"

మా నాయన తువ్వాలుతో కొలిచేవాడు.
మెకానిక్. సైలెన్సరుకు తెల్ల తువ్వాలు అడ్డం పట్టి
మూడుసార్లు రేజ్ చేయించి
మచ్చ చూసి చెప్పేవాడు:
నాజిల్ పోయింది, లేదా పంపు ఎక్కువ పోస్తోంది,
లేదా, ఫిల్టరు దులిపి ఎన్నాళ్లయిందిరా.
ఆ తువ్వాళ్లు అమ్మ ఉతికేది కాదు.
పొయ్యి మీది గిన్నెలు దించడానికి పెట్టుకునేది.

నా దగ్గరున్నది పెట్టె.
లోపల మూరకు కాస్త తక్కువ గొట్టం,
ఈ కొసన పచ్చ దీపం, ఆ కొసన ఒక కన్ను.
పెట్టె పొగను చూడదు.
దీపం పంపిన వెలుగులో ఎంత చేరలేదో
దాన్నే లెక్కపెడుతుంది.
ఉత్త గాలికి సున్నా. చీకటికి నూరు.
ఆ బండి వయసుకి హద్దు అరవై అయిదు.

ఇంజను కాగేదాకా ఆగి,
ఇప్పుడు తొక్కన్నా, ఒక్కసారిగా, అడుగంటా, అన్నాను.
సగమే తొక్కాడు. మీటరు చెప్పేసింది.
అన్నా, మొత్తం.
"ముసిల్దానికి ఆయాసమొస్తాది పాపా."
ఆయాసమే కదన్నా నాక్కావాల్సింది.

తొక్కాడు.
ప్రహరీ మీది కాకులు లేచిపోయాయి.
టార్పాలిన్ వణికింది.
వెనకాల నిలుచున్న క్లీనరు పిల్లోడు
ముక్కు మూసుకోలేదు, పక్కకీ జరగలేదు,
కాయ కొరుక్కుంటూ అట్లే ఉన్నాడు.

డెబ్బయి ఒకటి.
అరవై తొమ్మిది.
డెబ్బయి.

"ఎక్కువ మార్కులొస్తే ఫెయిలు చేసే పరీక్ష
ఇదొక్కటే ఉన్నట్టుండాది" అని నవ్వి,
నోట్లు పిల్లోడి జేబులో కుక్కి
"పో, టీ తాగి రా" అన్నాడు.

తొమ్మిదో రోజు మళ్లీ వచ్చాడు.
నలభై నాలుగు. నలభై రెండు. నలభై మూడు.
సైలెన్సరు దగ్గర గాలి కొంచెం వణికిందంతే.
నేనేమీ అడగలేదు. తనే చెప్పాడు:
"స్క్రూ తిప్పి పోత తగ్గించినా.
గుజ్జు డ్రమ్ములెత్తుకొని మొగిలి ఘాట్ ఎక్కాలంటే
ఈ పోత సాలదు. కింద టీకొట్టు కాడ
మళ్లీ తిప్పుకుంటా.
కొండ నీ పేపరు సదవదు పాపా."

అచ్చు వేసి ఇచ్చాను.
ఆ నిమిషానికి ఆ అంకె నిజం.
నేను కొలవగలిగేది నిమిషాలనే.
ఆరు నెలలన్న మాట
కాగితం మీద ముందే అచ్చయి వస్తుంది.

సాయంత్రం స్పిరిట్‌లో ముంచిన దూదితో
దీపాన్నీ కన్నునీ తుడుస్తాను.
మసి అంటితే
ఉత్త గాలి కూడా దానికి పొగలాగే కనిపిస్తుంది.
తుడిచాక సున్నా వచ్చేదాకా చూసి
తలుపు దించుతాను.

ఆదివారం రాత్రి అక్కను చూడ్డానికి పలమనేరు బస్సెక్కాను.
మొగిలి ఘాట్‌లో ఒక లారీ వెనక చిక్కుకున్నాం.
"అద్దాలు మూయండమ్మా" అన్నాడు కండక్టరు.
అందరూ మూశారు. నేను తల బయట పెట్టాను.
బస్సు లైట్లు పొగలోకి పోయి అక్కడే ఆగిపోయాయి.
అంత దగ్గరున్నా
ఆ లారీ నంబరు ఒక్క అంకె కూడా అందలేదు.

మలుపులో గాలి తిరిగింది.
డ్రమ్ముల మీద ఒక పిల్లోడు
మొహానికి తువ్వాలు చుట్టుకొని కూర్చుని ఉన్నాడు.

ఆ తువ్వాలు ఏ రంగో నేను చెప్పలేను.